దాపటెద్దు పొట్టలో ఊరు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మార్టూరు దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. లెక్చరర్ అంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, నేను చేసిన పని వల్లె వేయించడం. బోర్డు మీద పారమీషియం బొమ్మ వేసి, శైలికలు, కేంద్రకం, సంకోచ రిక్తిక అని బాణం గుర్తులు పెట్టి "రాసుకోండి" అనేదాన్ని. పిల్లలు తలలు వంచి రాసుకునేవాళ్లు. ఆ జీవిని కళ్లతో చూసినవాళ్లు క్లాసులో ఒక్కరూ లేరు. మైక్రోస్కోపు లేక కాదు. ప్రిన్సిపాల్ గారి గదిలో, బీరువాలో, ప్లాస్టిక్ కవరు కప్పుకుని నిక్షేపంలా ఉండేది. ప్రాక్టికల్ పరీక్షల నాడు బయటికి తీసి, పరీక్ష కాగానే తుడిచి లోపల పెట్టేవాళ్లు.

నాకు ఒళ్లు మండేది. నాకు ఒళ్లు మండటం వింతేమీ కాదు. మా ఇంట్లో ఎండా వానల్లాగే దానికీ అలవాటు పడిపోయారు. కానీ ఇందులో నా తప్పు లేదని ఇప్పటికీ అంటాను. సిలబస్ వేసినవాళ్లు బాక్టీరియాని బోటనీ సారుకి ఇచ్చి, ప్రోటోజోవాని నాకు పడేశారు. ఒకే నీటిబొట్టులో పక్కపక్కన బతికేవాటికి వేరు కాపురాలు పెట్టించారన్నమాట. ఒకసారి మిరప చేల పక్క కాలవలో పచ్చగా పాచి పట్టిన నీళ్లు సీసాలో పట్టుకెళ్లాను. ఆ నీళ్లలో సూర్యుడి వెలుగుతో తిండి వండుకునే యూగ్లీనా ఉంటుంది, గాజు పెట్టెల్లాంటి డయాటమ్‌లుంటాయి, భూమ్మీద మొదటగా ఆక్సిజన్ వదిలిన నీలి ఆకుపచ్చ బాక్టీరియా ఉంటుంది. పిల్లలకి చూపిస్తానని అడిగితే ప్రిన్సిపాల్ గారు సీసా వైపు చూసి, "ఇది ఎంసెట్‌లో వస్తుందా మేడం?" అన్నారు. నీళ్లు తీసుకెళ్లి కిటికీలోంచి పారబోశాను.

మా ఊరు కాలేజీకి మోపెడ్ మీద పావుగంట దూరం. మా ఆయన మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీలో, రాయికి పాలిష్ పట్టేచోట సూపర్‌వైజరు. ఇంట్లో మామగారు, అత్తగారు, ఆరు నెలల మా బాబు. పొలం మామగారు చూసుకునేవారు. కొంత పత్తి, కొంత మిరప. అప్పటికే ఊళ్లో చాలామంది ఎద్దులు అమ్మేసి ట్రాక్టరు బాడుగకి తెచ్చుకుంటున్నారు. మామగారు మాత్రం ఒక జత ఉంచుకున్నారు. పత్తి మోకాలెత్తు పెరిగాక సాళ్ల మధ్య కలుపు తీయాలంటే ట్రాక్టరు దూరదు, ఎద్దులకి గుంటక కట్టి తోలాల్సిందే అనేవారు. అది నిజమే గానీ, అసలు సంగతి అది కాదు. ఆయనకి ఎద్దులు లేని పొద్దు ఎలా ఉంటుందో తెలియదు. పొద్దున లేవగానే మొహం కడుక్కోకుండా కొట్టంలోకి వెళ్లేవారు. మాతో మాట్లాడినదాని కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడేవారు.

కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటిది అంటారు, కుడివైపుదాన్ని వలపటిది అంటారు. ఆ రెండూ దూడలప్పటి నుంచీ ఒక కాడి కింద నడిచినవి. మా ఆయన, ఆయన తండ్రి ఎప్పుడో ఒక మాట అనుకున్నారు. ఈ జత ఉన్నన్నాళ్లు ఉంటుంది. ఒకటి పోతే రెండోదాన్ని సంతకి తోలేసి, ఇంక ఎద్దుల ఊసెత్తకూడదు. మామగారు సరేనన్నారు. సరే అన్నాక ఎద్దుల డొక్కలు ఇంకా ఎక్కువ నిమిరేవారు.

శ్రావణంలో బాబుకి అన్నప్రాశన పెట్టుకున్నాం. ఆ పొద్దున వాన పట్టుకుంది. ఒంగోలు నుంచి రావాల్సిన చుట్టాలు సగం మంది రాలేదు. గుండిగలో అన్నం సగానికి సగం మిగిలిపోయింది, పాయసం కూడా. అత్తగారికి అన్నం పారేయడమంటే ప్రాణం పోయినంత పని. చుట్టుపక్కల వాళ్లకి పంచింది, కూలివాళ్లకి పెట్టింది, ఇంకా మిగిలింది. మామగారు తువ్వాలు నడుముకి బిగించి, పెద్ద బేసిను ఎత్తుకున్నారు.

"నా మనవడు అన్నం ముట్టుకున్న రోజు. మా వాళ్లు మాత్రం ఎండు చొప్ప తినాలా?" అన్నారు.

వలపటిదానికి అన్నం మొదటి నుంచీ పడదు, మూతి పెట్టి తిప్పేసుకుంది. దాపటిది తిండిపోతు. ఆయన చేత్తో ముద్దలు చేసి పెట్టారు, తర్వాత కుడితి తొట్లో అన్నం, పాయసం కలిపి పోశారు. నేను బాబుని చంకనేసుకుని నవ్వుతూ చూస్తున్నాను. చాలా ముచ్చటగా ఉంది. ఇంట్లో పండగైతే ఎద్దుకీ పండగే అనుకునే మనుషులు మావాళ్లు, ఆ పూట ఎవరికీ వేరే ఆలోచన రాలేదు.

సాయంత్రానికి దాపటిది చొప్ప వాసన చూసి వదిలేసింది. ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుపోయింది. అన్నిటికంటే ముందు మామగారు పట్టుకున్నది ఒకటే, అది నెమరు వేయడం లేదు. "దవడ కదలట్లేదు అమ్మాయ్," అన్నారు నాతో. ఆయన గొంతులో అలాంటి భయం నేను అంతకుముందు వినలేదు.

పక్క ఊరి పశువుల డాక్టరు గారు స్కూటరు మీద వచ్చారు. కొత్తగా వచ్చిన కుర్రాడు, ఇంకా మీసం సరిగ్గా రాలేదు గానీ పని తెలిసినవాడు. పేడ పల్చగా, పుల్లటి వాసన వేస్తోంది. ఏం పెట్టారని అడిగి, విని, నెత్తి కొట్టుకోలేదు. అది నాకు నచ్చింది. వంట సోడా నీళ్లలో కలిపి తాగించారు, సెలైన్ ఎక్కించారు.

"ఎద్దు గడ్డి తింటుందనుకుంటాం గానీ పెద్దాయనా, గడ్డి అరిగించుకునే శక్తి దానికి లేదు. దాని పెద్ద పొట్టలో కంటికి కనపడని జీవాలు కోట్లకి కోట్లు కాపురముంటాయి. గడ్డిని అవి తింటాయి. అవి వదిలినది ఎద్దుకి బలం. ఆఖరికి వాటినీ అరిగించుకుంటుంది," అన్నారు. "ఇప్పుడేమైందంటే, అన్నం ఒక్కసారిగా పడేసరికి, లోపల పులుపు పుట్టించే రకం బాక్టీరియా తెగ పెరిగిపోయాయి. పాలని పెరుగు చేస్తాయే, వాటి చుట్టాలే. ఆ పులుపుకి మిగతావన్నీ చచ్చిపోతున్నాయి."

మామగారు వింటూ ఎద్దు వైపే చూస్తున్నారు. ఎంత అర్థమైందో నాకు తెలియదు. అన్నం వల్ల అని మాత్రం అర్థమైంది. తన చెయ్యి తిప్పి ఒకసారి చూసుకున్నారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే డాక్టరు గారు మళ్లీ వచ్చారు. ఎద్దు లేచి నిలబడింది గానీ తల వేలాడేసింది. ఉబ్బు తీసింది, పొట్టలో మాత్రం చలనం లేదు. మామూలుగా ఎడమ డొక్కలో పిడికిలి అదిమి పెడితే, లోపల అలలాగా ఒకటి వచ్చి చేతిని పైకి తోస్తుంది. డాక్టరు గారు చాలాసేపు పిడికిలి పెట్టి నిలబడ్డారు. ఏమీ రాలేదు. రబ్బరు గొట్టం నోట్లోంచి దింపి, పొట్టలో నీళ్లు కాసిని స్టీలు గ్లాసులోకి లాగారు. బూడిద రంగు, పుల్లటి కంపు.

"ఇందులో ఏమైనా బతికున్నాయేమో చూస్తే సంగతి తేలిపోతుంది. కొన్ని ఉన్నా మందులతో లాగొచ్చు. మా దగ్గర మైక్రోస్కోపు పాడై మూలన పడింది," అన్నారాయన.

నేను మోపెడ్ తీశాను. ఆదివారమైనా కాలేజీ నడుస్తూనే ఉంటుంది, మాకు సెలవుగానీ పిల్లలకి పరీక్షలు. ప్రిన్సిపాల్ గారు పేపర్ల కట్ట ముందేసుకుని ఉన్నారు.

"మైక్రోస్కోపు కావాలి సార్," అన్నాను.

"ఇప్పుడా? దేనికి మేడం?"

"మా ఎద్దు పొట్టలో నీళ్లు చూడాలి."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "అది సిలబస్‌లో లేదు కదండీ."

"సహజీవనం అని ఒక పేరా ఉంది సార్. అందులో ఉంది. తాళం ఇస్తారా, నన్నిక్కడే కూర్చోమంటారా?" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను కూర్చుంటే ఎలా ఉంటుందో స్టాఫ్ మీటింగుల్లో ఆయనకి అనుభవమే. పాపం, తాళం తీసిచ్చారు. మైక్రోస్కోపుని బాబు పాత దుప్పట్లో చుట్టి, కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికొచ్చాను.

పెరట్లో స్టూలు మీద పెట్టి, అద్దం ఎండకి తిప్పాం. గాజు పలక మీద ఒక బొట్టు. డాక్టరు గారు చూశారు, నేను చూశాను. బియ్యప్పిండి రేణువులు ఉన్నాయి. గింజల్లాంటి ఖాళీ గుల్లలు ఉన్నాయి, నిన్నటిదాకా అవి బతికున్న జీవాలు. పెద్ద లెన్సు తిప్పితే సన్నటి చుక్కలు బారులు బారులుగా, పులుపు పుట్టించే బాక్టీరియా. కదిలేది ఒక్కటీ లేదు. పలక ఆ మూల నుంచి ఈ మూలకి జరిపాను. పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి జీవుల పేర్లు గడగడా చదివేదాన్ని. వాటిని మొదటిసారి చూడటం ఇలా రాసిపెట్టి ఉందా అని ఏడుపొచ్చింది.

"ఊరు ఖాళీ," అన్నారు డాక్టరు గారు నెమ్మదిగా. "కొత్తగా తెచ్చి నింపాలి. ఆరోగ్యంగా ఉన్న వేరే పశువు పొట్టలోంచి. మీ వలపటిదాని నోట్లో నెమరు లాగి పెట్టొచ్చుగానీ, గుప్పెడు సరిపోదు, బకెట్టు కావాలి. ఇవాళ ఆదివారం కదా, మాంసం కొట్టులో పొట్టేళ్లని కోస్తారు. పొట్టలో సరుకు ఎటూ పారబోస్తారు. వెచ్చగా ఉండగానే తెచ్చి పోస్తే మధ్యాహ్నానికి ఎక్కించేయొచ్చు. పొట్టేలు కూడా నెమరేసేదే, పనికొస్తుంది."

మామగారు లేచి నిలబడ్డారు. "అది గడ్డి తప్ప ఎరగని నోరు. ఆ నోట్లో కోతకొట్టు సరుకు పోస్తారా? ససేమిరా కుదరదు. చస్తే చచ్చింది, అట్టాంటి పని మాత్రం చేయనీను."

"మాంసం కాదండీ, అది నమిలిన గడ్డే," అన్నారు డాక్టరు గారు.

"ఏదైనా సరే."

ఆయన మొండితనం నాకు కొత్త కాదు. కానీ ఎద్దు అక్కడ తల వేలాడేసి నిలబడి ఉంటే నాకు తిక్క రేగింది. ఇంట్లోకెళ్లి బాబు పాలకి వేడినీళ్లు పోసే ఫ్లాస్కు తీసుకున్నాను. అత్తగారు "అది పసివాడిదే!" అంటున్నా వినకుండా మోపెడ్ ఎక్కాను.

మాంసం కొట్టు ఊరి చివర, రోడ్డు మీద. కొట్టు సాయిబు గారిది. ఆయన తాతల నాటి నుంచీ అదే వృత్తి, అదే ఊరు. మామగారిని బాబాయ్ అని పిలుస్తాడు, మామగారు ఆయన కొట్లో తప్ప మాంసం కొనరు. కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. నేను పక్కకి పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆఖరుదాకా విన్నాడు.

"ఇవ్వడానికేం ఉందమ్మా, ఎటూ గోతిలో పోసేదేగా," అన్నాడు. "కానీ బాబాయ్ వద్దన్నాడంటున్నారు. రేపు ఆ ఎద్దుకి ఏదన్నా అయితే, కోతకొట్టు సరుకు పోశారు, అందుకే పోయిందంటారు. మీరనరు, బాబాయ్ అనడు. ఊళ్లో అంటారు. ఎద్దు కాడ నా పేరు ఎత్తితే నేనిక్కడ కొట్టు పెట్టుకోలేను. బాబాయ్‌ని వచ్చి అడగమనండి. ఆయన నోటితో అడిగితే, ఎన్ని బకెట్లు కావాలంటే అన్ని."

కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. ఆయన చెప్పింది సబబుగానే ఉంది. "చూడ్డానికి ఒక్క గ్లాసుడు ఇవ్వండి," అన్నాను.

"చూడ్డానికైతే పట్టుకెళ్లండి," అని అప్పుడే కోసిన పొట్టేలు పొట్టలోంచి పచ్చటి నీళ్లు పిండి ఫ్లాస్కులో పోశాడు. పుల్లటి కంపు లేదు. పచ్చిగడ్డి, పశువుల కొట్టం కలిసిన వాసన.

పెరట్లో మళ్లీ గాజు పలక. ఒక బొట్టు వేసి కన్ను ఆనించాను. ఏం చెప్పను. సంతలో జనంలాగా ఉంది. గుండ్రంగా ఉన్నవి, వెనక ముల్లులాంటి తోక ఉన్నవి, ఒళ్లంతా శైలికలు కప్పుకుని సర్రున పోయేవి, ఒక చివర మాత్రమే శైలికలు గిరగిరా తిప్పుకుంటూ గడ్డి పీచుని పట్టి లోపలికి లాక్కునేవి. ఒకదాన్నొకటి గుద్దుకుని, తిరిగి, మళ్లీ పరుగు. వాటి సందుల్లో చుక్కల్లా వణుకుతున్న బాక్టీరియా. కంటికి దొరకనివి ఇంకా ఉంటాయి. గాలి సోకితే చచ్చేవి, ఎద్దు త్రేన్పులో బయటికొచ్చే మీథేన్ తయారుచేసేవి. వాటిని పుస్తకం బాక్టీరియా పేరాలోనే ఒక మూలకి సర్దేసింది. నేను బోర్డు మీద గీసిన పారమీషియం వీటి ముందు చెప్పు ముక్క. కన్ను తీయబుద్ధి కాలేదు.

"మామయ్య గారూ, ఒక్కసారి రండి. ఏమీ పోయక్కర్లేదు. చూడండి చాలు," అన్నాను.

రానన్నారు. అత్తగారు చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ముందు ఎద్దుది పెట్టాను. ఆయన ఒక కన్ను మూసి, రెండోది ఆనించి, "ఏవీ లేవుగా," అన్నారు. "లేవు," అన్నాను. తర్వాత పొట్టేలుది పెట్టాను. ఆయన వంగారు. వెంటనే తల వెనక్కి తీసి నా వైపు చూశారు, మళ్లీ వంగారు. ఈసారి లేవలేదు. వంగినవారు వంగినట్టే ఉండి, "ఇవి... దీని పొట్టలోనా?" అన్నారు.

"మన ఎద్దు పొట్టలోనూ నిన్నటిదాకా ఇవే. దూడ పుట్టినప్పుడు ఉండవు. తల్లి నాకుతుంది చూడండి, మూతీ మూతీ ఆనిస్తుంది, అట్లా వస్తాయి. తల్లికి దాని తల్లి నుంచి. ఎప్పటినుంచో నోటి నుంచి నోటికి."

"అయితే నేనిన్నాళ్లూ ఒక ఎద్దుని మేపుతున్నాననుకున్నానే," అన్నారాయన. "ఇంతమందికి పెడుతున్నానన్నమాట."

ఖాళీ బొట్టు ఉన్న పలక కేసి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు అత్తగారు అందుకుంది. ఆవిడ మైక్రోస్కోపులో చూడలేదు, చూడనని ముందే చెప్పింది.

"తోడు పాడైతే పక్కింట్లో అడిగి తెచ్చుకోమా? వాళ్లింట్లో నీచు వండుకున్నారా, పప్పు వండుకున్నారా అని అడిగామా ఎప్పుడన్నా? పోయిన వేసవిలో నీకు పెరుగు పోసింది ఎవరింటి తోడుతోననుకున్నావు? ఆ సాయిబు గారి ఇల్లాలు ఇచ్చిందే. లొట్టలేసుకుంటూ తిన్నావు."

మామగారు ఆవిడ వైపు తిరిగారు. "చెప్పలేదే," అన్నారు.

"అడగలేదు," అంది ఆవిడ.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, బకెట్టు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరారు. నేను మోపెడ్ ఎక్కమన్నా ఎక్కలేదు. నేనే మోపెడ్ నడిపించుకుంటూ, సాయిబు గారు అన్న మాటలన్నీ చెబుతూ ఆయన పక్కన నడిచాను. కొట్టు ముందు జనం ఆయన్ని చూసి దారిచ్చారు. ఆయన సూటిగా వెళ్లి బకెట్టు కింద పెట్టారు.

"నా చేత్తోనే పెట్టానయ్యా సాయిబూ, ఎద్దుకి అన్నం," అన్నారు. "పొట్ట ఖాళీ అయిపోయింది. నీ కాడ ఉన్నాయంట. కాసిని పొయ్యి. దానికి ఏమైనా సరే, మాట నా మీదే. ఇక్కడున్నోళ్లందరూ వింటున్నారుగా."

సాయిబు గారు బకెట్టు అందుకున్నాడు. మాంసం కోసం నిలబడ్డవాళ్లని ఆగమని, మిగిలిన పొట్టేళ్లని కోశాడు. ఆ పచ్చటి పిప్పిని నేను తెచ్చిన అత్తగారి పాత చీర ముక్కలో వేసి పిండారు, ఒక కొస మామగారు, ఒక కొస ఆయన. బకెట్టుని వేడినీళ్ల గంగాళంలో కూర్చోబెట్టి, మీద గుడ్డ కప్పి, ఎవరిదో ఆటోలో ఎక్కించారు. చల్లబడితే చచ్చిపోతాయని నేను దారంతా అరుస్తూనే ఉన్నాను. ఆటోవాడు, "ఏంటమ్మా, చేపపిల్లలా?" అన్నాడు. ఔనన్నాను, వివరించే ఓపిక లేక.

డాక్టరు గారు అప్పటికే పొట్టలో పాత నీళ్లు తోడేసి, సోడా నీళ్లతో కడిగి సిద్ధంగా ఉన్నారు. గొట్టం దింపారు. మామగారు ఎద్దు మూతి రెండు చేతులా పట్టుకుని, దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నారు. బకెట్టు ఖాళీ అయింది. "ఇంక మన చేతిలో లేదు, వాటి చేతిలో ఉంది," అన్నారు డాక్టరు గారు. లేత పచ్చిగడ్డి కొద్దికొద్దిగా నోటికి పెట్టమని చెప్పి వెళ్లారు.

ఆ సాయంత్రం నాలుగు పరకలు కొరికింది, వదిలేసింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఎద్దుని చూసి, తండ్రిని చూసి, సంత మాట ఎత్తకుండా వెళ్లి పడుకున్నాడు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అది ఒకటి.

సోమవారం పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే కొట్టంలోంచి మామగారి కేక వినపడింది. జడ సగం అల్లుకుని పరిగెత్తాను. ఆయన ఎద్దు ఎదురుగా గొంతుక్కూర్చుని, మెడ వైపు వేలు చూపిస్తున్నారు. మెడ కింది నుంచి ఒక ఉండ చర్మం కింద నెమ్మదిగా పైకి పాకి, గొంతు దాటి నోట్లోకి పోయింది. దాపటిది కళ్లు సగం మూసి, దవడ పక్కకి తిప్పింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. నెమరు.

మామగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, ఆయన వీపు మీద చెయ్యి వేసింది. నేను అక్కడే నిలబడి భోరున ఏడ్చాను. సంతోషంతో ఏడవడం సినిమాల్లోనే అనుకునేదాన్ని.

మధ్యాహ్నం డాక్టరు గారు వచ్చి గొట్టంతో మళ్లీ కాసిని నీళ్లు తీశారు. ఈసారి పలక నిండా పరుగులే. మిగిలినవి ఫ్లాస్కులో పోసుకుని, మైక్రోస్కోపుతో సహా కాలేజీకి వెళ్లాను. పొద్దున క్లాసు ఎగ్గొట్టినందుకు సంజాయిషీ అడగడానికి ప్రిన్సిపాల్ గారు వరండాలోనే నిలబడి ఉన్నారు. నేను ఆగకుండా క్లాసులోకి వెళ్లి, కిటికీ పక్కన బల్ల వేసి, పిల్లల్ని వరస కట్టమన్నాను. మొదటి అమ్మాయి కన్ను ఆనించి, "మేడం, కదులుతున్నాయి," అంది. ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద క్లాసు లేచి నిలబడింది. పుస్తకంలో ఈ జీవి ఏ పేజీలో ఉందని ఒకడు అడిగాడు. సహజీవనం పేరాలో ఒక్క ముక్క తప్ప లేదన్నాను. అయితే పేరేంటని, ఏం తింటుందని, మన పొట్టలో కూడా ఉంటాయా అని, గోల గోల. మన పొట్టలో ఇవి ఉండవు, బాక్టీరియా ఉంటాయి, అవి కూడా కోట్లకి కోట్లు, అవి లేకపోతే మనమూ సరిగ్గా ఉండలేం అని చెప్పాను. ఆ పూట బోటనీ, జువాలజీ అని విడదీయలేదు. వరసలో ఆఖరున ప్రిన్సిపాల్ గారు నిలబడ్డారు. చూసి వెళ్లిపోయారు. సంజాయిషీ సంగతి మర్చిపోయినట్టున్నారు. నేనూ గుర్తు చేయలేదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున మామగారు దాపటిదాన్ని కడిగి, నుదుటికి ఇంత పసుపు రాసి, పలుపు పట్టుకుని రోడ్డెక్కారు. ఎక్కడికని అడిగితే రమ్మన్నారు. బాబుని ఎత్తుకుని వెనకాల నడిచాను. ఆయన తిన్నగా మాంసం కొట్టు ముందుకి తీసుకెళ్లి ఆపారు. మాంసం కోసం వచ్చిన జనం నోళ్లు తెరిచారు.

"ఏంది బాబాయ్, ఇక్కడ గొర్రెలే కోస్తారు," అన్నాడొకడు.

"నోర్ముయ్ రా," అన్నారు మామగారు. "అమ్మడానికి కాదు, చూపియ్యటానికి తెచ్చా."

సాయిబు గారు కత్తి పక్కన పెట్టి, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. వచ్చినవాడు ఎద్దుకి బారెడు దూరంలో ఆగిపోయాడు.

"నేను ముట్టుకోను బాబాయ్. ఎంత కడిగినా నా చేతికి ఆ వాసన పోదు. బెదిరిద్ది."

మామగారు ఆయన మణికట్టు పట్టుకుని, పిడికిలి మూయించి, ఎద్దు ఎడమ డొక్కలో అదిమి పెట్టారు. ఎద్దు చెవి ఒకటి వెనక్కి తిప్పిందంతే. ఇద్దరూ అలా నిలబడ్డారు. కాసేపటికి లోపల్నుంచి అల వచ్చింది. సాయిబు గారి చెయ్యి పైకి లేవడం నేను కూడా చూశాను.

"నీ కాడ నుంచి వచ్చినోళ్లే," అన్నారు మామగారు. "బాగున్నారు."

సాయిబు గారు చెయ్యి తీయలేదు. ఇంకో అల వచ్చేదాకా ఆగాడు.

"పుట్టిన కాడ నుంచీ ఈ కొట్లోనే ఉన్నా బాబాయ్," అన్నాడు. "ఇక్కడి నుంచి ప్రాణంతో బయటికి పోయింది ఇయ్యే."